రొమ్ము కాన్సరు: మొదట చూచే వైద్యుడు

పూర్వం తెలుగుదేశంలో కాన్సరును రాచపుండు అనేవారు. పుండు పైకి కనిపించే నాటికి రోగం ముదిరిపోయి ఉంటుంది. రొమ్ము కాన్సరు పుండుగా మొదలుకాదు. సాధారణంగా నొప్పి లేని చిన్న గడ్డగా మొదలవుతుంది. ఆ గడ్డను మొదట ఎవరు చూస్తారు, చూచి ఏమి చెబుతారు అనే దానిపైననే రోగి ప్రాణం చాలవరకు ఆధారపడి ఉన్నది.

ఈ రోగ చికిత్స చరిత్ర సాధారణంగా పెద్ద ఆసుపత్రుల చరిత్రగానే చెప్పబడుతున్నది. 1804లో జపానులో హనాఓకా సెయిషు రోగికి మత్తుమందు ఇచ్చి రొమ్ములోని కంతిని తీసివేసినాడు. 19వ శతాబ్ది చివర అమెరికాలో హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను కూడ తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినాడు. గడ్డ చిన్నదైనప్పుడు దానిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా రోగి ఆయుర్దాయం తగ్గదని 1985లో బెర్నార్డ్ ఫిషర్ బృందం చూపినది. ఔషధాలలో మెథోట్రెక్సేట్ తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన లెడర్లే బృందం కృషి ఫలితం. దానిని మరి రెండు మందులతో కలిపి శస్త్రచికిత్స తరువాత ఇస్తే రోగం తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో బోనడోనా 1976లో వెల్లడించినాడు. అయితే ఈ విజయాలన్నిటికీ ఒక షరతు కలదు: రోగి సకాలంలో రావలెను.

ఖమ్మం నుండి భద్రాచలం వరకు గల అడవి అంచున ఈ షరతు తేలికైనది కాదు. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన 1965లో గాని ప్రారంభం కాలేదు. 1955లో హైదరాబాదులో వెలసిన కాన్సరు ఆసుపత్రి, నేటి ఎం.ఎన్.జె. సంస్థ, అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. కోయగూడెంలోని స్త్రీకి కుటుంబ వైద్యుడంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, గూడేనికి వచ్చే ఏ.ఎన్.ఎం. 1946లో భోర్ సంఘం సూచించిన ఇట్టి కేంద్రాలు 1952 నుండి సమాజ వికాస పథకంతోపాటు దేశంలో నెలకొన్నవి.

ఇంత చిన్న కేంద్రం ఇంత పెద్ద రోగాన్ని ఎదుర్కొనగలదా? దీనికి జవాబు బొంబాయిలో లభించినది. టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో 35 నుండి 64 ఏండ్ల వయసుగల సుమారు లక్షన్నరమంది స్త్రీలతో ఒక పరిశోధన ప్రారంభించినారు. అందులో ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి, నాలుగు విడతలు, చేతితో రొమ్ము పరీక్ష చేసినారు. యంత్రం లేదు. ఫలితాలు 2021లో వెలువడినవి. పరీక్ష జరిగిన వర్గంలో రోగం తొలిదశలోనే బయటపడినది. 50 ఏండ్లు, ఆ పైబడినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గినవి. అంతకు చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. భారత ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శక సూత్రాలు 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఇట్టి పరీక్షను నిర్దేశించినవి.

గడ్డలలో అధికభాగం కాన్సరు కావు. కాని ఏది కాన్సరో చేయి తేల్చలేదు. సూదితో తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి తేల్చవలెను. కనుక "నొప్పి లేదుగదా, ఫరవాలేదు" అనక, వెంటనే ఉత్తరమిచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుట దగ్గరి వైద్యుని మొదటి ధర్మం. చికిత్స ముగిసి రోగి ఇల్లు చేరిన తరువాత ఆయన పని మళ్ళీ మొదలవుతుంది. హార్మోనులకు లొంగే కాన్సరులో టామాక్సిఫెన్ వంటి మాత్రలు ఐదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, రోజూ వాడవలెను. మాత్ర మానకుండ చూచేది, కొత్త గడ్డను కనిపెట్టేది ఆయనే. సిగ్గుతో దాచుకొన్న మాటను స్త్రీ చెప్పగలిగేది కూడ నమ్మకమున్న దగ్గరి మనిషితోనే.