గిఫి.నెట్

గిఫి.నెట్ స్పెయిన్ దేశపు ఈశాన్య భాగంలోని కాటలోనియా ప్రాంతంలో గ్రామస్థులు, సాంకేతిక నిపుణులు, స్థానిక సంస్థలు కలిసి నిర్మించుకున్న ఉమ్మడి సమాచార నెట్‌వర్కు. 2004లో ఓసోనా అనే జిల్లాలో కొన్ని ఇళ్ళ పైకప్పులపై అమర్చిన వైఫై యాంటెన్నాలతో ఇది ప్రారంభమైనది. 2010ల మధ్యనాటికి 30,000 పైచిలుకు నోడ్లతో ప్రపంచంలోని అతి పెద్ద సామాజిక నెట్‌వర్కులలో ఒకటిగా పేరు పొందినది. ఒక ఇంటి యాంటెన్నా, దానికి కలిపిన రౌటరు కలిసి ఒక నోడు అవుతుంది. ఎవరు కొన్న పరికరం వారి సొంతమే. అయితే వాటన్నిటి కలయిక వలన ఏర్పడిన నెట్‌వర్కు మాత్రం ఏ ఒక్కరి ఆస్తీ కాదు.

నేపథ్యం

ఓసోనా జిల్లాకు విక్ పట్టణం ముఖ్యకేంద్రం. ఇది బార్సెలోనా నగరానికి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. విక్ పక్కనే ఉన్న గుర్బ్ గ్రామ జనాభా సుమారు 2,500. ఇక్కడ ఇళ్ళు ఒకచోట గుంపుగా ఉండవు. పొలాల నడుమ విడివిడిగా కట్టిన పాత రైతు ఇళ్ళు చాలా ఉన్నవి.

2000ల తొలి సంవత్సరాలలో బ్రాడ్‌బ్యాండు సేవ టెలిఫోను తీగల మీదుగా అందేది. ఎక్స్ఛేంజి నుండి ఇల్లు దూరమయ్యే కొద్దీ ఈ సేవలో వేగం పడిపోతుంది, కొన్ని కిలోమీటర్లు దాటితే అసలు అందదు. విడివిడిగా ఉన్న కొద్దిపాటి ఇళ్ళ కోసం కొత్త పరికరాలు పెట్టడం టెలిఫోను కంపెనీలకు లాభసాటి కాదు. గుర్బ్ నివాసి, కంప్యూటర్ రంగ నిపుణుడు అయిన రామోన్ రోకా, ఇరుగుపొరుగు వారు కొందరు కంపెనీ కోసం ఎదురు చూడడం మాని, దొరికిన కనెక్షనును వైఫై ద్వారా ఒక ఇంటి నుండి మరొక ఇంటికి అందించుకోసాగారు.

పనిచేసే విధానం

వైఫైకి వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు విడిగా లైసెన్సు అవసరం లేదు. ఒక దిశకే గురిపెట్టిన యాంటెన్నాతో ఈ తరంగాలను కొన్ని కిలోమీటర్ల దూరం పంపవచ్చును. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడాలి. మధ్యలో కొండ, చెట్లు అడ్డు రాకూడదు. కనుక ఎత్తైన చోట ఉన్న ఇంటికి ప్రాధాన్యం ఎక్కువ. ఇటువంటి చోట రెండు మూడు దిశలకు లంకెలు ఉన్న నోడును సూపర్‌నోడు అంటారు. మిగిలిన ఇళ్ళు దీనికి అనుసంధానమవుతాయి.

ఈ పని ఒక ఊరి స్నేహితుల గుంపును దాటి విస్తరించడానికి జాలస్థలిలోని పటం ముఖ్య కారణం. కొత్తగా చేరదలచిన వారు పటం మీద తమ ఇంటిని గుర్తించి, దగ్గరలో ఏ సూపర్‌నోడు ఉన్నదో చూసుకుంటారు. చిరునామా సంఖ్యలను జాలస్థలియే కేటాయిస్తుంది. రౌటరులో వేయవలసిన అమరికను కూడా అదే తయారు చేసి ఇస్తుంది. ఈ ఉపకరణం పేరు "ఉన్ సోల్ క్లిక్", అనగా "ఒకే ఒక్క నొక్కు". స్వచ్ఛంద సంఘాలలో సాధారణంగా ఒకరిద్దరు నిపుణుల మీదనే భారమంతా పడి, వారు అలసిపోగానే పని ఆగిపోతుంది. నిపుణుని తలలో ఉండే పరిజ్ఞానాన్ని పటంలోకి, ఉపకరణంలోకి చేర్చడం వలన ఈ చిక్కు చాలావరకు తగ్గినది.

ఆరంభంలో అంతర్జాల సౌకర్యం ఉన్న సభ్యులు తమ కనెక్షనులో కొంత భాగాన్ని ప్రాక్సీ సర్వర్ల ద్వారా ఇతరులకు ఇచ్చేవారు.

ఒప్పందం

గిఫి.నెట్‌లో చేరిన వారందరూ ఒకే ఒప్పందానికి కట్టుబడి ఉండాలి. "స్వేచ్ఛాయుత, బహిరంగ, తటస్థ నెట్‌వర్కు" అన్నది దీని భావన. నెట్‌వర్కుకు గాని ఇతరుల హక్కులకు గాని హాని కలుగనంత వరకు దేనికైనా వాడుకోవచ్చును. అది ఎలా పనిచేస్తున్నదో తెలుసుకొని ఇతరులకు తెలియజేయవచ్చును. దాని మీద తమకు నచ్చిన షరతులతో సేవలు అందించవచ్చును. ఎవరైనా చేరవచ్చును, కాని తాము పొందిన హక్కులనే తమ తరువాత వచ్చేవారికి కూడా ఇవ్వాలి. ఈ చివరి అంశం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సుల నుండి వచ్చిన ఆలోచన. దీని వలన ఎవరైనా నెట్‌వర్కులో ఒక ముక్కను విడదీసి తమ సొంతం చేసుకోవడం సాధ్యపడదు.

ఫౌండేషను, ఫైబరు

పైకప్పుల మీద యాంటెన్నాలు పెట్టుకున్నంత కాలం స్నేహం, నమ్మకం సరిపోయినవి. రోడ్డు తవ్వడానికి అనుమతి కోరాలన్నా, ఇతర కంపెనీలతో అనుసంధానం కుదుర్చుకోవాలన్నా చట్టం ముందు ఒక సంస్థ ఉండాలి. అందుకై 2008లో గిఫి.నెట్ ఫౌండేషన్ ఏర్పడినది. 2009లో గుర్బ్‌లో రైతు ఇళ్ళ నుండి మొదలుపెట్టి ఆప్టికల్ ఫైబరు వేసారు. 2011లో ఫౌండేషను కాటలోనియాలోని అంతర్జాల మార్పిడి కేంద్రమైన కాట్‌నిక్స్‌లో చేరినది.

ఫైబరుతో పాటు ఖర్చు, లాభం అనే ప్రశ్నలు కూడా వచ్చినవి. చిన్న కంపెనీలు ఇదే నెట్‌వర్కు మీద ఖాతాదారులకు అంతర్జాలం అమ్మసాగినవి. ఒప్పందం ప్రకారం ఇది తప్పు కాదు. అయితే ఒక కంపెనీ లక్షలు పెట్టి తీగ వేస్తే, మరొకటి పైసా పెట్టకుండా దాని మీదనే వ్యాపారం చేస్తే మొదటిది ఇక ముందు ఎందుకు ఖర్చు పెడుతుంది? వ్యాపారాన్ని నిషేధించి ఉంటే నెట్‌వర్కు ఔత్సాహికుల వేడుకగా మిగిలిపోయేది. పూర్తిగా వదిలివేసి ఉంటే బలవంతుల పాలయ్యేది.

గిఫి.నెట్ రెండూ చేయలేదు. పరిహార పద్ధతి ఒకటి ఏర్పరచుకున్నది. ప్రతి కంపెనీ నిర్మాణానికి, నిర్వహణకు ఎంత ఖర్చు పెట్టినదో, నెట్‌వర్కును ఎంత వాడుకున్నదో ఫౌండేషను లెక్క కడుతుంది. వాడకం కంటే ఖర్చు తక్కువ పెట్టినవారు తేడా చెల్లిస్తారు, ఎక్కువ పెట్టినవారికి అది చేరుతుంది. తగాదాలు వస్తే మొదట రాజీ, తరువాత మధ్యవర్తిత్వం, చివరకు తీర్పు అనే మూడు దశలు ఉన్నవి.

ఉమ్మడి వనరులను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రామ్ సూత్రాలను గిఫి.నెట్ మీద జరిగిన పరిశోధనలు తరచు ప్రస్తావిస్తాయి. ఆమె పరిశీలించిన ఉదాహరణలలో స్పెయిన్‌లోని వాలెన్సియా సాగుకాలువల సంఘాలు కూడా ఉండటం విశేషం. చెరువు కింద ఆయకట్టుకు నీరుగంటి వంతుల వారీగా నీరు పంచిన తెలుగు పల్లెలు ఎరిగినవారికి ఈ లెక్క కొత్తగా తోచదు. ఎంత నీరు ఎవరికి, పూడిక తీతకు ఎవరు రావాలి అన్న ప్రశ్నలే ఇక్కడ తీగలకు వర్తించినవి.

గుర్తింపు

కాటలోనియా ప్రభుత్వం 2007లో టెలికమ్యూనికేషన్ల పురస్కారాన్ని, ఐరోపా కమిషన్ 2015లో బ్రాడ్‌బ్యాండు పురస్కారాన్ని ఇచ్చినవి.

పరిమితులు

నోడ్లలో అత్యధిక భాగం కాటలోనియాలోనే ఉన్నవి. పటం, ఒప్పందం అందరికీ అందుబాటులో ఉన్నా, ఇతర ప్రాంతాలలో ఇంత పెద్ద సంఘం తయారు కాలేదు. సాంకేతికతను నకలు చేయడం తేలికే గాని, ఇరుగుపొరుగుల పరిచయాన్ని నకలు చేయడం కష్టం. సూపర్‌నోడు ఉన్న ఇంటివారు ఊరు మారితే దాని కింద ఉన్న ఇళ్ళన్నిటికీ మరొక దారి వెతకవలసి వస్తుంది. ఫైబరు ప్రాధాన్యం పెరిగిన కొద్దీ నిర్మాణం, మరమ్మతులలో వృత్తి నిపుణుల పాత్ర పెరిగి, స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర తగ్గినదని చెప్పవచ్చును. సేవ నాణ్యతకు ఇది మేలే. కాని నెల నెలా చందా కట్టే ఖాతాదారు, నిచ్చెన వేసుకొని పైకప్పు ఎక్కిన సభ్యుడు నెట్‌వర్కును ఒకే దృష్టితో చూడరు.

ఇటువంటి ఇతర నెట్‌వర్కులు

గ్రీసు దేశంలో ఏథెన్స్ నగరపు వైర్‌లెస్ నెట్‌వర్కు, జర్మనీలో ఫ్రైఫుంక్ 2002లో మొదలైనవి. ఫ్రైఫుంక్ ఊరికొక స్వతంత్ర సంఘంగా పనిచేస్తుంది. భారతదేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల పరిసరాలలో 2005 ప్రాంతంలో ప్రారంభమైన ఎయిర్‌జల్ది కూడా కొండ ప్రాంతాలలోని ఊళ్ళకు, పాఠశాలలకు వైర్‌లెస్ పద్ధతిలో అంతర్జాలం అందించినది.