రెండు విమానాశ్రయాలు - ఒక లెక్క

మన సభ్యులకు టి.ఎ. బిల్లుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. సర్వీసులో చాలాకాలం వాటిని సరిచూడడమే నా పని. రెండు ఊళ్ళ మధ్య దూరం దగ్గరి దారినే కట్టాలన్నది నిబంధన. ఆ అలవాటు చొప్పున బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాల లెక్క కూడా కట్టాను. అందులో మన ఊరి విమానయాన చరిత్ర కొంత ఇమిడి ఉన్నది.

బేగంపేట విమానాశ్రయం నిజాం హయాంలో, 1930 దశకంలో, ఏరో క్లబ్బుతో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1953లో విమాన సర్వీసులు జాతీయం కావడంతో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది.

బేగంపేట నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,240 కిలోమీటర్లు. దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా గంటకు 300 కిలోమీటర్లకు అటూ ఇటూగా వెళ్ళేది. ఎక్కడా దిగకపోయినా నాలుగు గంటలు దాటే ప్రయాణమది. జెట్ విమానాలు వచ్చాక అది రెండుంబావు గంటలకు తగ్గింది. టైంటేబుల్లో వేసే ఈ సమయంలో విమానం నేలమీద కదిలే నిమిషాలు కూడా కలిసే ఉంటాయి.

2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు మారాయి. 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం పోటీగా ఉండరాదన్న ఒప్పందం మేరకు బేగంపేటను వాటికి మూసివేశారు. దీనిని వ్యతిరేకిస్తూ ఆ నెలలోనే విమానాశ్రయ ఉద్యోగులు సమ్మె చేశారు. అయినా నిర్ణయం మారలేదు. నేడు బేగంపేటలో ప్రధానంగా సైనిక, ప్రముఖుల విమానాలే దిగుతున్నాయి.

ఈ రెంటి మధ్య దూరం సూటిగా 24 కిలోమీటర్లు. దీనితో మనకు ఢిల్లీ సుమారు 20 కిలోమీటర్లు దూరమైంది. చెన్నై అంతే దగ్గరయింది. జెట్ విమానానికి ఇది నిమిషంన్నర పని. కనుక టికెట్టు మీది సమయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

మారింది నేలమీది లెక్క. సికిందరాబాదు వాసికి బేగంపేట కూతవేటు. శంషాబాదు ముప్పై కిలోమీటర్ల పైమాటే. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చి కొంత మేలు చేసింది. అయినా దారికి గంటంబావు, ముందుగా చేరడానికి రెండు గంటలు, గాలిలో రెండుంబావు, ఢిల్లీలో సామాను తీసుకుని ఇల్లు చేరేందుకు గంటన్నర కలిపితే ఏడు గంటలు.

న్యాయంగా చెప్పాలంటే, చుట్టూ ఊరు పెరిగిన బేగంపేటకు విస్తరించే చోటు లేదు. శంషాబాదులో 4,260 మీటర్ల రన్‌వే ఉన్నది. పెద్ద విమానాలు అక్కడినుంచి నేరుగా విదేశాలకు పోతున్నాయి. పిల్లలను చూడబోయే మనబోటి వారికి అది సౌకర్యమే. పోయినదల్లా సాగనంపే ముచ్చట. బేగంపేట రోజుల్లో తాతలు, మామ్మలు సహా ఇంటిల్లిపాదీ విమానాశ్రయానికి వెళ్ళేవారు. ఇప్పుడు అర్ధరాత్రి విమానమైతే పెద్దల వీడ్కోలు వీధిగుమ్మం దగ్గరే.

కనుక పిల్లలు టికెట్టు కొంటామన్నప్పుడు విమాన సమయం ఒక్కటే అడగకండి. గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలో లెక్క వేయించండి. నడక కష్టమైనవారు చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొన్నప్పుడే చెప్పించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి.