స్త్రీల ప్రత్యేక స్థలాలు - ఒక చారిత్రక పరిశీలన

తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకూ, స్త్రీలకూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ చార్జీ లేని ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇటువంటి పథకమే వచ్చింది. ఈ మధ్య మా ఉపాధ్యాయ మిత్రుల గోష్ఠిలో దాని ప్రస్తావన వచ్చి, మాట మరొక దారి పట్టింది. "చార్జీ సంగతి సరే, స్త్రీలకని రాసిపెట్టిన సీటు కూడా వాళ్లదేనా?" అని ఒకరు అడిగారు. సీటు నుంచి మరుగుదొడ్డికీ, అక్కణ్ణుంచి హాస్టలుకూ, హాస్టలు నుంచి ఆటస్థలానికీ చర్చ పాకింది.

ఒక యువమిత్రుడు, "అణగారినవారి హక్కు మీద చర్చ ఏమిటి? కాదన్నవారు అభివృద్ధి నిరోధకులు" అని తేల్చివేశాడు. ముప్ఫై యేళ్లు బాలికల హాస్టలు బాధ్యత మోసిన ఒక ఉపాధ్యాయిని లేచి, "ఆ తలుపు గడియ వెనుక రాత్రిళ్లు పడుకున్నది మీరు కాదు బాబూ" అన్నారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టి మేము ఇళ్లకు పోయాం. ఇద్దరి మాటలోనూ చరిత్ర ఉన్నది, ఐతే ఇద్దరూ సగమే చెప్పారని నాకు తోచింది. ఆ రెండు సగాలనూ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయంలో నేను దూరంగా నిలబడి తీర్పు చెప్పగలవాణ్ణి కాను. నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. దాన్ని దాని చోట చెబుతాను.

మొట్టమొదట, స్త్రీల ప్రత్యేక స్థలం అన్నది ఎక్కడ నుంచి పుట్టింది? ఘోషా నుంచి పుట్టిందనీ, భూస్వామ్య అవశేషమనీ మనలో కొందరు తేలికగా కొట్టివేస్తారు. జనానా వేరు, ఇది వేరు. జనానా స్త్రీని బయటికి రానివ్వకుండా కట్టిన గోడ. రైలు పెట్టెలో స్త్రీల గది ఆమె బయటికి రావటానికి పెట్టిన తలుపు. 1890 నాటి రైల్వే చట్టం, ప్రయాణికుల రైలు ప్రతిదానిలోనూ అన్నిటికంటే తక్కువ తరగతిలో కనీసం ఒక గది స్త్రీలకే విడిచిపెట్టాలన్నది. ఆ రైలు 50 మైళ్లు దాటి పోయేదైతే ఆ గదికి మరుగుదొడ్డి ఉండాలన్నది. తక్కువ తరగతి అన్న మాటను గమనించాలి. మొదటి తరగతి దొరసానికి ఎటూ స్థలం ఉన్నది. నలుగురిలో నలిగేది కూలి స్త్రీ.

1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికులలో స్త్రీలకూ పురుషులకూ వేరువేరు మరుగుదొడ్లు కట్టితీరాలని యజమానిని నిర్బంధించింది. 1983లో షీలా బర్సే వేసిన కేసులో సుప్రీం కోర్టు, స్త్రీలను వేరే లాకప్పులో, స్త్రీ కానిస్టేబుళ్ల కాపలాలో ఉంచాలన్నది. పోలీసు స్టేషనులో ఆడదానికి ఏమి జరుగుతుందో దేశానికి అప్పటికే తెలుసు. ఇవేవీ దయాధర్మంగా వచ్చినవి కావు. స్త్రీ పనికి, చదువుకు, ప్రయాణానికి రావాలంటే ఏమి కావాలో అనుభవం చెప్పగా ఏర్పడినవి. హాస్టలు గడియ గురించి మా ఉపాధ్యాయిని అన్న మాటకు వెనుక ఈ చరిత్ర ఉన్నది. దాన్ని అభివృద్ధి నిరోధకం అనటం, శ్రామిక స్త్రీ సంపాదించుకున్నదాన్ని తెలియకుండానే తక్కువ చెయ్యటం.

ఇక రెండో సగం. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. అందులో ఒక భాగం హిజ్రాలను రిజిస్టరులోకి ఎక్కించటానికే ఏర్పడింది. నిజాం ప్రభుత్వం కూడా అదే మూసలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేసింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లూ, నివాసాలూ రిజిస్టరులో రాయటం, రిజిస్టరైన మనిషి ఆడవేషంలోనో నగలతోనో వీధిలో కనిపిస్తే, బహిరంగంగా ఆడి పాడితే, వారంటు లేకుండా పట్టుకొని రెండేళ్ల దాకా ఖైదు వెయ్యటం దాని సారాంశం. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి. చట్టం మాత్రం పేరు మార్చుకొని పుస్తకంలో ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జులైలో. భూస్వామ్యాన్ని ఎదిరించి సాయుధంగా పోరాడిన గడ్డ మీద ఈ చట్టం నూరేళ్లు బతికిందంటే, అది మన ఉద్యమాల కంటికి ఆనలేదన్నమాట. ఆత్మవిమర్శ చేసుకోవలసిన సంగతి ఇది.

2014 ఏప్రిల్ 15న సుప్రీం కోర్టు నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించింది. వారికి వేరే మరుగుదొడ్లు కూడా కట్టించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. 2011 జనాభా లెక్కల్లో, స్త్రీ అనీ పురుషుడనీ కాక వేరే గడిలో నమోదైనవారు సుమారు 4 లక్షల 88 వేలు. ఇల్లు వెళ్లగొట్టి, బడి చేర్చుకోక, పని ఇవ్వక, చివరికి బిచ్చానికీ వ్యభిచారానికీ నెట్టబడిన మనుషులు వీరు. మగవాళ్ల మరుగుదొడ్డిలోకి పోతే వీరికి జరిగేది అవమానంతో ఆగదు. స్త్రీకి భయం ఎవరి నుంచో, ట్రాన్స్‌జెండర్ స్త్రీకీ భయం చాలావరకు వారి నుంచే.

ఈ రెండు చరిత్రలూ ఢీకొన్నట్టు కనిపించేది ఆటస్థలంలో. అందుచేత దాన్ని కొంత వివరంగా చూడాలి.

ఒలింపిక్ పోటీల్లో స్త్రీలకు పరుగుపందెం పెట్టింది 1928లో, ఆంస్టర్‌డాంలో. 800 మీటర్లు పరుగెత్తి కొందరు అలసిపోతే, ఆడవాళ్ల దేహం ఇందుకు తగదని పత్రికలు గోలచేశాయి. ఆ పందెం మళ్లీ వచ్చింది 1960లో. ఇలా తలుపు కొంచెం తెరుచుకున్న మరునాడే కాపలా కూడా మొదలైంది. 1936 బెర్లిన్ పోటీల్లో గెలిచిన అమెరికా క్రీడాకారిణి హెలెన్ స్టీఫెన్స్ మగవాడేమోనన్న ప్రచారం లేచింది. అదే పోటీల్లో ఎత్తు దూకిన జర్మన్ రాట్యెన్ స్త్రీ కాదని 1938లో తేలింది. నాజీలు వేషం వేసి పంపారని చాలాకాలం కథ చెప్పుకున్నారు. వాస్తవం వేరు. పుట్టినప్పుడు పొరపడి ఆడపిల్ల అనుకొని, ఆ విధంగానే పెంచిన బిడ్డ అది.

ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో అనుమానం విధానంగా మారింది. 1966లో బుడాపెస్టు ఐరోపా పోటీలకు వచ్చిన స్త్రీలను వైద్యుల ముందు నగ్నంగా నడిపించారు. 1967లో క్రోమోజోము పరీక్ష పెట్టారు. అంతకుముందు యేడు కంటి పరీక్షలో నెగ్గిన పోలెండు క్రీడాకారిణి ఎవా క్లొబుకోవ్‌స్కా ఈ పరీక్షలో ఓడిపోయింది. ఆమె రికార్డులు చెరిపివేశారు. 1985లో స్పెయిన్ క్రీడాకారిణి మరియా హోసె మార్తినెస్ పతిన్యోకు అదే గతి పట్టింది. ఆమె పోరాడి 1988లో తిరిగి అర్హత సంపాదించింది. 1996 అట్లాంటాలో 3,387 మంది స్త్రీలను పరీక్షిస్తే 8 మంది ఫలితం తేడాగా వచ్చింది. విచారణ మీదట ఆ 8 మందినీ ఆడనిచ్చారు. వేషం వేసిన మగవాడు ఒక్కడూ దొరకలేదు. 1999లో ఒలింపిక్ సంఘం ఆ సామూహిక పరీక్ష మానుకున్నది.

అది మానుకున్న తరువాత కూడా అనుమానం వచ్చినవారిని పిలిచి పరీక్షించే పద్ధతి మిగిలింది. అనుమానం ఎవరి మీద వస్తుంది? తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల బిడ్డ, దళిత యువతి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లకు రజతం గెలిచింది. పరీక్ష చేసి పతకం లాగుకున్నారు. 2012లో ఆమె ఇటుక బట్టీలో కూలి చేస్తున్నట్టు పత్రికలు రాశాయి. ఒడిశా చేనేత కుటుంబపు పిల్ల ద్యుతీ చంద్‌ను 2014లో, ఆమె ఒంట్లో సహజంగానే పురుష హార్మోను హెచ్చుగా ఉన్నదని, కామన్‌వెల్త్ పోటీలకు పోనివ్వలేదు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి పోయింది. 2015 జులైలో ఆ నిబంధనను న్యాయస్థానం నిలిపివేసింది. హైదరాబాదులో మన నాగపురి రమేశ్ శిక్షణలో తయారై, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఆమె రెండు రజతాలు తెచ్చింది. వీరిద్దరూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కారు. ఆడపిల్లలుగా పుట్టి, ఆడపిల్లలుగా పెరిగినవారు. ఐనా కాపలావాడి చెయ్యి మొదట పడింది వీరి మీదనే.

నా తప్పు ఇక్కడిదే. చాలా యేళ్ల కింద, ఒక అంతర కళాశాలల పోటీలో నేను నిర్వాహకుల్లో ఒకణ్ణి. 400 మీటర్లలో మొదట వచ్చిన అమ్మాయి మీద ఓడిన జట్టువారు ఫిర్యాదు చేశారు. గొంతు మొరటు, పెదవి మీద నూగు, ఛాతీ బల్లపరుపు - ఇవీ వారి సాక్ష్యాలు. గొడవ పెరగకూడదని, డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మని ఆ పిల్లకు చెప్పింది నేనే. మూడో రోజున తల్లి వచ్చింది. నాట్లకు పొయ్యే మనిషి, చేతులకు బురద ఆరలేదు. "నా బిడ్డ ఆడపిల్లని నాకు తెలుసు సారూ. కాయితం ఎవర్ని అడగాలె?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి మళ్లీ మైదానంలోకి రాలేదు.

ఈ అనుభవం వలన నేను, క్రీడల్లో ఏ హద్దూ వద్దు అనే నిర్ణయానికి రావాలి గదా అని పాఠకులు అనుకోవచ్చు. చాలాకాలం అలాగే అనుకున్నాను. వాస్తవాలు నన్ను అక్కడ ఉండనివ్వలేదు. 100 మీటర్ల పురుషుల రికార్డు 9.58 సెకన్లు, స్త్రీలది 10.49. ఆ పురుషుడు గీత దాటేసరికి ఆ స్త్రీ సుమారు 9 మీటర్లు వెనుక ఉంటుందన్నమాట. లోకంలో ఇంతవరకు అందరికంటే వేగంగా పరుగెత్తిన స్త్రీ సంగతి ఇది. వేరే పందెం లేకపోతే ఆమె పేరు కూడా మనకు తెలియదు. ఈ తేడాలో అధికభాగం యౌవనంలో పురుష హార్మోను కట్టే ఎముక వలన, కండ వలన వస్తుంది.

దీనికి రుజువు, బాధాకరమే ఐనా, మన శిబిరంలోనే ఉన్నది. సోషలిస్టు రాజ్యమని చెప్పుకున్న తూర్పు జర్మనీ 1970లలోనూ 80లలోనూ పతకాల కోసం చిన్న ఆడపిల్లలకు, విటమిన్లని చెప్పి, ఆ హార్మోను మందులే మింగించింది. పతకాలు వచ్చాయి. ఆ పిల్లల గొంతులు మారాయి, ఆరోగ్యాలు చెడ్డాయి. 2000లో బెర్లిన్ కోర్టు ఆ బాధ్యులను శిక్షించింది. హార్మోనుతో లాభమే లేదని వాదించేవారు ఈ చరిత్రకు జవాబు చెప్పాలి. యౌవనం దాటిన తరువాత హార్మోను తగ్గించినా, యేడాదికి కండబలం కొద్దిగానే తగ్గుతుందని ఇంతవరకు జరిగిన పరిశీలనలు సూచిస్తున్నాయి. ఐతే వాటిలో చాలా భాగం క్రీడాకారులు కానివారి మీద జరిగినవి. ఈ కారణం చూపే ఈత సమాఖ్య 2022లో, అథ్లెటిక్స్ సమాఖ్య 2023లో, పురుష యౌవనం గడిచిన ట్రాన్స్‌జెండర్ స్త్రీలను అంతర్జాతీయ స్త్రీల పోటీల నుంచి మినహాయించాయి. అంతర్జాతీయ స్థాయి పందెం మటుకు ఈ నిర్ణయం అన్యాయమని నేననలేను. 2025 సెప్టెంబరు 1 నుంచి అథ్లెటిక్స్ సమాఖ్య స్త్రీలందరికీ జన్యుపరీక్ష పెట్టింది. ఇక్కడ మాత్రం నాకు ఆ బురదచేతుల తల్లి గుర్తుకు వస్తుంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీ కోసం గీసిన గీత మళ్లీ శాంతి వంటి పిల్ల మీదుగానే పోతుంది.

కాబట్టి నాకు తోచిన సూత్రం ఇది. "ట్రాన్స్‌జెండర్ స్త్రీ స్త్రీయా, కాదా" అని ఒక్క ప్రశ్న వేసి, ఒక్క జవాబు పట్టుకొని అన్ని తలుపులకూ అదే తాళం వెయ్యకూడదు. ఏ స్థలం దేనికోసం ఏర్పడిందో చూసి తేల్చాలి. బస్సు సీటు ఏర్పడింది మగవాళ్ల వేధింపు తప్పటానికి. ఆ వేధింపు పడే ట్రాన్స్‌జెండర్ స్త్రీకి అక్కడ చోటు ఇస్తే స్త్రీకి పోయేదేమీ లేదు. మరుగుదొడ్డికి కావలసింది గడియ, నీళ్లు, దీపం. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది, లోపల గడియ ఉంటే తగాదా చాలావరకు తీరుతుంది. ఉన్న ఒక్క దొడ్డి కోసం ఇద్దరు పేదలు కొట్టుకోవటం పాలకులకు చవక. జైలు సంగతి వేరు. అక్కడ గడియ లోపల ఉండదు, బయట ఉంటుంది. 2023లో స్కాట్లాండులో అత్యాచార నేరం రుజువైన ఒక ట్రాన్స్‌జెండర్ ఖైదీని స్త్రీల జైలులో ఉంచి, గోల రేగిన తరువాత మార్చారు. స్త్రీ ఖైదీలు లేచిపోయి వేరే చోట కూర్చోలేరు గనుక వారి భయం అక్కడ లెక్కలోకి రావాలి. ట్రాన్స్‌జెండర్ ఖైదీని మగవాళ్ల బ్యారక్‌లో పడవేయటమూ అంతే అన్యాయం. వేరే వార్డు కట్టటం ప్రభుత్వం విధి. ఆటలో న్యాయం కొలతకు సంబంధించినది గనుక పెద్ద పోటీల్లో హద్దు ఉండవచ్చు. బడిలో, కళాశాలలో, పల్లె మైదానంలో ఆట పిల్లల ఆరోగ్యానికీ స్నేహానికీ ఉన్నది. అక్కడ హద్దు కాపాడే పేరిట ఏ పిల్ల దేహాన్నీ ఎవరూ తనిఖీ చెయ్యకూడదు.

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీం కోర్టు, సమానత్వ చట్టంలో స్త్రీ అంటే జీవశాస్త్రరీత్యా స్త్రీ అని అర్థం చెప్పింది. వివక్ష నుంచి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రక్షణ పోదని కూడా అదే తీర్పు అన్నది. రెండు పక్షాలూ తమకు కావలసిన సగం చదువుకుని ఊరేగాయి. మన గోష్ఠుల్లోనైనా రెండు సగాలూ చదవాలి. ఆ చర్చకు హాస్టలు నడిపిన ఉపాధ్యాయినినీ పిలవాలి, ట్రాన్స్‌జెండర్ మిత్రులనూ పిలవాలి. మొన్న మా గోష్ఠిలో వారి గురించి రెండు గంటలు మాట్లాడాం. వారిలో ఒక్కరూ ఆ గదిలో లేరు.

ఆ తల్లి ప్రశ్నకు ఇప్పుడు నాకు జవాబు తెలుసు. కాయితం అడగవలసిన అవసరం ఆమెకు లేదు. అడిగే అధికారం నాకు లేదు. ఈ మాట ఆనాడే ఆ ఫిర్యాదుదారుల ముఖం మీద చెప్పి ఉండవలసింది.