చలివేంద్రంలో ఖాళీ కుండలు

2013 మే నెల. మాదాపూర్‌లో ఒక ఆఫీసు, రాత్రి పదకొండు దాటింది. నేను రాసిన జావా ప్రోగ్రామ్ ప్రతి బిల్లు మీదా తప్పుడు నెల వేస్తోంది. ఒక బిల్లు మీదైతే ఏకంగా నలభై రెండో నెల! మూడు గంటలు తల బాదుకున్నాక స్టాక్ ఓవర్‌ఫ్లోలో ముక్కూమొహం తెలియని ఎవరో రాసిన రెండు లైన్లు దొరికాయి. పెద్ద ఎమ్‌లు రెండు వేస్తే నెల, చిన్న ఎమ్‌లు వేస్తే నిమిషాలు. అక్షరాలు మార్చి ఇంటికెళ్లాను.

అది రాసిన మనిషికి నా నుంచి దమ్మిడీ ముట్టలేదు. మండుటెండలో చలివేంద్రం పెట్టినవాడు దాహంతో వచ్చినవాడి ఊరూ పేరూ అడగడు కదా, అలాంటి పని అది. అంతకుముందు ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్ అనే సైటు ప్రశ్న చూపించి, జవాబుకు డబ్బు కట్టమనేది. దానికి పోటీగా జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008 సెప్టెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో తెరిచారు. జవాబు నచ్చి ఒకరు ఓటేస్తే 10 పాయింట్లు. ఆ పాయింట్లకు సింగిల్ చాయ్ కూడా రాదు. అయినా జాన్ స్కీట్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ 2018 నాటికి 10 లక్షల పాయింట్లు దాటేశాడు. మైత్రీవనం దగ్గర జిరాక్స్ నోట్సు కొనుక్కుని ఉద్యోగాల్లో పడ్డ మా తరానికి, నోట్సు ఆగిపోయిన చోట నుంచి పాఠం చెప్పింది వీళ్లే.

ఆ పాఠం ఎలా ఉండేదో ఒక్కటి చెబుతాను. 2012లో ఒకరు అడిగారు: అవే అంకెల్ని వరసలో పేర్చి, ఒక హద్దు దాటినవాటిని మాత్రమే కూడితే చకచకా అయిపోతోంది, చెల్లాచెదురుగా ఉంటే నత్తనడక నడుస్తోంది, ఎందుకు? జవాబు రైల్వే జంక్షన్ బొమ్మతో మొదలైంది. నువ్వు పాయింట్స్‌మన్‌వి. బండి వస్తోంది, ఎటు పోవాలో నీకు తెలియదు. ప్రతి బండినీ ఆపి అడిగితే ఆలస్యం. ఊహించి పట్టా మార్చావనుకో, ఊహ నిజమైతే బండి దూసుకుపోతుంది, తప్పితే వెనక్కి తీసి మళ్లీ పంపాలి. ప్రాసెసర్ చేసేదీ అదే, దాన్నే బ్రాంచ్ ప్రెడిక్షన్ అంటారు. అంకెలు వరసలో ఉంటే దాని ఊహ తప్పడం అరుదు. విజయవాడ అవుటర్‌లో బండి ఆగి ఉసూరుమన్న ఎవరికైనా ఇది ఇట్టే ఎక్కుతుంది. నాలుగేళ్ల బీటెక్‌లో నాకిలా చెప్పినవాళ్లు లేరు.

అంతటి చోటును చాట్‌జీపీటీ చంపేసిందంటారు. నేనొప్పుకోను. దూలానికి చెదలు ముందే పట్టాయి. 2014 ప్రాంతంలో నెలకు 2 లక్షల దాకా కొత్త ప్రశ్నలు వచ్చేవి, తగ్గడం కూడా అప్పటినుంచే. కొత్తవాడు బెదురుతూ ఒక ప్రశ్న అడిగితే, ‘ఇది ఇదివరకే అడిగారు’ అని నిమిషాల్లో తలుపు మూసేయడం, పైగా ఒక మైనస్ ఓటు గుద్దడం అక్కడ పెద్దరికమైపోయింది. చలివేంద్రానికి వచ్చినవాడితో ‘నిన్న ఒకడికి పోశాం, వాణ్నడుగు’ అన్నట్టు! కొత్తవాళ్లకూ ఆడవాళ్లకూ ఇక్కడ ఆదరణ దొరకడం లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. అప్పటికే చాలామంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్లారు. 2021లో ప్రోసస్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని 180 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. చూపుకి నిజంలా ఉండి తప్పులు చెబుతోందని, వారం తిరక్కుండానే దాని జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. మరుసటి జూన్‌లో, యంత్రం రాసిన జవాబులను తీసేయకుండా యాజమాన్యం తమ చేతులు కట్టేసిందని మోడరేటర్లు సమ్మెకు దిగారు. అక్టోబరులో 28 శాతం ఉద్యోగుల్ని ఇంటికి పంపారు. 2024 మేలో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐతోనే ఒప్పందం! కడుపుమండి తమ జవాబులను తామే చెరిపేయబోయిన కొందరి ఖాతాలు నిలిపేశారు. 2025 మధ్యకల్లా నెలకొచ్చే ప్రశ్నలు తొలినాళ్ల స్థాయికి పడిపోయాయి.

“అక్కడికెళ్లి తిట్లు తినడం దేనికన్నా? ఇది ఎన్నిసార్లడిగినా విసుక్కోదు,” అన్నాడు మా టీములో కుర్రాడు, చాట్‌జీపీటీని చూపిస్తూ. కాదనలేకపోయాను. నేనూ రోజూ దాన్నే అడుగుతున్నాను.

కానీ ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ మే నెల రుణం తీర్చుకుందామని నేనూ తేదీల మీద నాలుగు లైన్ల జవాబొకటి రాశాను. నెల తిరక్కముందే కింద ఎవరో కామెంట్ పెట్టారు: ఒకే ఫార్మాటర్‌ని రెండు థ్రెడ్లు ఒకేసారి వాడితే తేదీలు కలగాపులగమవుతాయి, జాగ్రత్త. గుండె గుభేలుమంది. మా ఆఫీసు కోడులో ఉన్నది సరిగ్గా ఆ తప్పే. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి దిద్దుకున్నాను. 2014లో జావా 8 వచ్చాక ఇంకెవరో, ‘ఇక దీన్ని వదిలేయండి, కొత్త లైబ్రరీ వచ్చింది’ అని రాశారు. నా తప్పు నలుగురిలో బయటపడింది, నిజమే. నా తర్వాత వచ్చినవాళ్లు మాత్రం జవాబుతోపాటు ఆ రెండు కామెంట్లూ చదువుకుని వెళ్లారు. కుర్రాడి స్క్రీను మీద జవాబు కింద అడ్డు చెప్పే మనిషి లేడు. అతను పట్టుకున్న తప్పు అతనితోనే ఉండిపోతుంది, రేపు పక్క సీటువాడు అదే గోతిలో పడతాడు.

నా నాలుగు లైన్లకు ఒకప్పుడు వారానికి ఒక్క ఓటైనా పడేది. నిన్న తెరిచి చూశాను. చివరి ఓటు 2023 మార్చిలో పడింది.