ఆర్గనైజేషన్: ‘టోన్ ఫ్లోట్’ అనే ఒకే ఒక్క ఆల్బమ్‌తో ముగిసిన జర్మన్ బృందం

మునగాల: ఆర్గనైజేషన్ అనేది జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరానికి చెందిన ఐదుగురి సంగీత బృందం. 1960ల చివర్లో మొదలై, 1970లో ‘టోన్ ఫ్లోట్’ అనే ఒక్క ఆల్బమ్ ఇచ్చింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు, బృందం కూడా విడిపోయింది. అందులోని ఇద్దరే తర్వాత క్రాఫ్ట్‌వెర్క్ పెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఇవాళ కోదాడ, సూర్యాపేటల్లో బరాత్ వచ్చినప్పుడు డీజే బాక్సుల్లోంచి వినపడే మెషీన్ దరువుకు మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే తగిలే పేర్లలో క్రాఫ్ట్‌వెర్క్ ఒకటి. కానీ దానికి పునాది వేసిన రికార్డు మాత్రం వాళ్ళ సొంత జాబితాలోనే లేదు.

పేరు, సభ్యులు

బృందం పూర్తి పేరు జర్మన్ భాషలో చాలా పొడుగు. తెలుగులో చెప్పుకుంటే ‘ఉమ్మడి సంగీత ఆలోచనలను ఆచరణలో పెట్టే సంస్థ’ అని అర్థం. ఆల్బమ్ మీద ‘ఆర్గనైజేషన్’ అని మాత్రమే వేశారు.

రాల్ఫ్ హ్యూటర్ (జననం 1946) హామండ్ ఆర్గన్ వాయించేవాడు. ఫ్లోరియన్ ష్నైడర్-ఎస్లేబెన్ (జననం 1947) ఫ్లూట్, ఎలక్ట్రిక్ వయొలిన్ వాయించేవాడు. ఇద్దరూ సంగీతం చదువుకునే రోజుల్లో కలిశారు. బాసిల్ హమ్మూది కాంగా, బోంగో లాంటి చేతి వాద్యాలు, బుచ్ హౌఫ్ బేస్ గిటార్, ఆల్‌ఫ్రెడ్ మోనిక్స్ డ్రమ్స్ చూసుకున్నారు. చిరుగంటలు, టాంబరిన్, ట్రయాంగిల్, చివరికి ప్లాస్టిక్ సుత్తి కూడా వాయిద్యాల జాబితాలో ఉన్నాయి. సింథసైజర్ మాత్రం అందులో లేదు.

వీళ్ళది యుద్ధం ముగిసిన రోజుల్లో పుట్టిన తరం. 1945 తర్వాత జర్మనీ రేడియోలో, క్లబ్బుల్లో అమెరికా, బ్రిటన్ పాటలదే పైచేయి. పెద్దల కాలం పాటలు పాడలేక, బయటివాళ్ళను అనుకరించడం ఇష్టంలేక, ఈ కుర్రాళ్ళు తమదంటూ ఒక చప్పుడు వెతుక్కున్నారు. ఇలాంటి బృందాలు అప్పట్లో జర్మనీలో చాలా వచ్చాయి. వీటన్నిటినీ కలిపి బ్రిటిష్ పత్రికలు ‘క్రౌట్‌రాక్’ అని పిలిచాయి.

ఆల్బమ్‌లో ఏముంది

‘టోన్ ఫ్లోట్’లో ఐదు ట్రాకులు ఉన్నాయి, మొత్తం నిడివి సుమారు 41 నిమిషాలు. రికార్డు మొదటి వైపు అంతా పేరు ట్రాకే, దాదాపు 21 నిమిషాలు. రెండో వైపు ‘మిల్క్ రాక్’, ‘సిల్వర్ ఫారెస్ట్’, ‘రిథమ్ సలాడ్’, ‘నోయిటాసినాగ్రో’ ఉన్నాయి. చివరిది వింత పేరేం కాదు, ఆర్గనైజేషన్ అనే స్పెల్లింగ్‌ను తిరగేసి రాశారంతే.

ఇది ప్రధానంగా వాయిద్య సంగీతమే. చేతి వాద్యాలు మెల్లగా మొదలవుతాయి, వాటిమీద ఫ్లూట్, ఆర్గన్ వచ్చి చేరతాయి. ఇంట్లో ఖవ్వాలీ వినే అలవాటున్నవాళ్ళకి ఒకే దరువు మీద ఇరవై నిమిషాలు సాగడం కొత్తేమీ కాదు. తేడా ఏంటంటే ఖవ్వాలీలో కలామ్ ఉంటుంది, మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే పల్లవి ఉంటుంది. ఇక్కడ వినేవాడికి పట్టుకోవడానికి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

బృందంతో కలిసి ఈ ఆల్బమ్‌కు రూపం ఇచ్చింది కోనీ ప్లాంక్ అనే రికార్డింగ్ ఇంజనీర్. తర్వాతి రోజుల్లో జర్మన్ ప్రయోగ సంగీతానికి ఆయన పెద్ద దిక్కయ్యాడు. 1987లో చనిపోయాడు.

ఎందుకు అమ్ముడుపోలేదు

ఆర్‌సీఏ కంపెనీ ఈ ఆల్బమ్‌ను బ్రిటన్‌లో మాత్రమే విడుదల చేసింది. జర్మనీలో కావాలంటే దిగుమతి రికార్డు కొనాల్సిందే. అంటే వాయించేవాళ్ళు, వాళ్ళను చూసేవాళ్ళు ఒక దేశంలో ఉంటే సరుకు ఇంకో దేశంలో ఉంది. బ్రిటన్‌లో ఈ ఐదుగురి పేరు తెలిసినవాళ్ళు లేరు. అమ్మకాలు లేకపోవడంతో కంపెనీ రెండో ఆల్బమ్‌కు ముందుకు రాలేదు.

తర్వాత ఎవరేం చేశారు

హ్యూటర్, ష్నైడర్ 1970లోనే క్రాఫ్ట్‌వెర్క్ పేరుతో మొదటి ఆల్బమ్ తెచ్చారు. జర్మన్‌లో ఆ మాటకు ‘విద్యుత్ కేంద్రం’ అని అర్థం. 1974లో వచ్చిన ‘ఆటోబాన్’ వాళ్ళ దశ తిప్పింది. ఆటోబాన్ అంటే జర్మనీ హైవే. మునగాల మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ రహదారి లాంటి దారి మీద కారు ప్రయాణమే ఆ పాట. అది కూడా మొదటి వైపంతా నిండిన ఒకే ట్రాక్, దానికీ ఇంజనీర్ కోనీ ప్లాంకే. ‘టోన్ ఫ్లోట్’లో ఎవరూ పట్టించుకోని పద్ధతే ఇక్కడ సింథసైజర్‌తో పనిచేసింది. కుదించిన పాట 1975లో అమెరికా చార్టుల్లో 25వ స్థానం దాకా వెళ్ళింది. 1982లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ పాటకు క్రాఫ్ట్‌వెర్క్ బాణీనే తీసుకున్నాడు. హిప్‌హాప్‌లోకి, డాన్స్ సంగీతంలోకి మెషీన్ బీట్ అలా పాకింది.

బాసిల్ హమ్మూది దారి వేరు. 1972లో ‘ఇబ్లిస్’ అనే బృందంతో ‘సూపర్‌నోవా’ ఆల్బమ్ చేశాడు. పేరు వినగానే ముస్లిం పాఠకులు ఉలిక్కిపడతారు, అది సజ్దాకు నిరాకరించినవాడి పేరే. అందులో ‘మర్గా’, ‘డ్రాప్స్’, ‘హై లైఫ్’, ‘అథీర్’ అని నాలుగు ట్రాకులున్నాయి. క్రాఫ్ట్‌వెర్క్ మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన ఆండ్రియాస్ హోమాన్ కూడా ఇందులో ఉన్నాడు. ఈ బృందం కూడా ఒక్క ఆల్బమ్‌తోనే ఆగిపోయింది.

ఇప్పుడు దొరుకుతుందా

2009లో క్రాఫ్ట్‌వెర్క్ తమ ఆల్బమ్‌లను కలిపి ‘ది కేటలాగ్’ పేరుతో పెట్టె విడుదల చేసింది. అందులో ఎనిమిది ఆల్బమ్‌లున్నాయి, లెక్క ‘ఆటోబాన్’ నుంచే మొదలవుతుంది. అంతకు ముందు చేసిన మూడు క్రాఫ్ట్‌వెర్క్ ఆల్బమ్‌లను గానీ, ‘టోన్ ఫ్లోట్’ను గానీ చేర్చలేదు. చాలామంది విన్నది అనుమతి లేకుండా వేసిన కాపీలే.

తమ తొలి పని బయటికి రావద్దనుకోవడం కళాకారుల ఇష్టం. కానీ ‘టోన్ ఫ్లోట్’ ఇద్దరిది కాదు, ఐదుగురిది. హ్యూటర్, ష్నైడర్‌లకు దాని తర్వాత ఎన్నో ఆల్బమ్‌లున్నాయి. హౌఫ్, మోనిక్స్‌ల పేర్లు మాత్రం జనానికి తెలిసింది ఈ రికార్డుతోనే. అది లెక్కలోంచి పోతే వాళ్ళ పేర్లూ దాంతోనే పోతాయి.

ఫ్లోరియన్ ష్నైడర్ 2020 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో మరణించారు. ఆయన 2000ల చివర్లో క్రాఫ్ట్‌వెర్క్ నుంచి తప్పుకున్నాక, ఆ పేరును రాల్ఫ్ హ్యూటర్ ముందుకు నడిపించారు.