బసను వెంటగొనిపోవు యాత్ర – దాని వ్యయము

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పూర్వులు చెప్పుకొనుచుండిరి. ఆ మాటలో దారి భయము ఎంత కలదో దారి వ్యయము కూడ అంత కలదు. దూరప్రయాణమునకు బయలుదేరినవానిని మూడు చింతలు వెన్నాడును: రాత్రి ఎక్కడ తలదాచుకొనుట, ఏమి తినుట, సామాను ఎవరు మోయుట. ఈ మూడింటికిని ఒకే ఉపాయముగా, నివాసమునే వెంటగొనిపోవు పద్ధతి బహుకాలముగ ఉన్నది. గుడారము, గూడుబండి, ఇంటిపడవ, ఓడ, నేటి మోటారు కారవాన్ అన్నియు ఆ ఉపాయమునకు రూపభేదములే. సత్రమునకుగాని హోటలునకుగాని సొమ్ము చెల్లింపనక్కరలేదు గనుక ఈ పద్ధతి చౌక యని సామాన్యముగ తలతురు. ఆ తలంపు ఎంతవరకు నిజమో చరిత్రనే అడిగి చూడవచ్చును.

తెలుగువారి యాత్రలలో ఇందుకు మొదట పరిశీలింపదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉండి, 1830 మే 18వ తేదీన సపరివారముగ బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. అనగా పదునైదు మాసములకు మించిన యాత్ర. దారి పొడవున మిత్రుడు కోమళేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన విశేషములు 1838లో గ్రంథరూపమున వెలువడెను. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మరల పరిష్కరించి ప్రకటించిరి. వీరాస్వామయ్యగారి వెంట బంధువులు, పరిచారకులు, బోయీలు కలిసి సుమారు నూరుమంది నడచిరి. పల్లకీలతోపాటు డేరాలును సాగెను. ఏ మజిలీలో నీరు బాగుగ నుండునో, ఏ ఊర దినుసులు దొరకునో, ఎక్కడ బసకు ఇల్లు చిక్కునో, ఎక్కడ డేరా వేయవలసియుండునో ఆయన శ్రద్ధగ వ్రాసి యుంచెను.

డేరా ఉన్నందున ఆయనకు బస బాడుగ చాలచోట్ల తప్పెను. కాని డేరాను మోయుటకు మనుష్యులు కావలెను. ఆ మనుష్యులకు అన్నము కావలెను. అన్నమునకు వంటపాత్రలు, ఆ పాత్రలు మోయుటకు మరికొందరు మనుష్యులు కావలెను. ఈ విధముగ ఒక వ్యయమును తప్పించిన గుడారము నాలుగు వ్యయములను వెంటగొనివచ్చెను. అట్లని ఆయన లెక్క తెలియనివాడు కాడు. కృష్ణకు దక్షిణమున సత్రములు విరివిగ ఉండెను. ఉత్తరమున నాగపురము దాటిన పిమ్మట అడవులును, బాటసారులను నమ్మించి చంపు థగ్గుల భయమును ఉండెను. జబల్పూరు ప్రాంతమున స్లీమన్ దొర థగ్గులను పట్టుకొను కార్యము ముమ్మరముగ సాగించుచుండిన కాలమే అది. పదిమంది పోదగిన దారిని నూరుమంది పోవుట విలాసము కాదు, రక్షణ. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో కుంపిణీవారు యాత్రికులపై వేయు పన్ను సైతము అప్పటికి అమలులో ఉండెను. అది 1840లో గాని రద్దు కాలేదు. కనుక వీరాస్వామయ్యగారి డేరా చౌకకొరకు కాక, వేరు మార్గము లేనందున కట్టిన డేరా యని చెప్పుట న్యాయము.

చౌక యనదగిన యాత్ర మరియొకటి కలదు. అది రైతు గూడుబండి యాత్ర. కోటప్పకొండ తిరునాళ్ళకును, రెండేండ్ల కొకమారు మాఘమాసమున జరుగు మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకును తరతరములుగ కుటుంబములు బండ్లు కట్టుకొని పోవుచుండిరి. బండిపై చాప గూడు, బండిలో బియ్యము, ఉప్పు, చింతపండు, ఎడ్లకు గడ్డి. మేడారమున జంపన్నవాగు చేరువను, చెట్ల నీడను బస. ఇందు రైతు చేతినుండి పోవు రొక్కము అతిస్వల్పము. దీనికి కారణము గుడారపు మహిమ కాదు. ఆ బండియు ఎడ్లును సేద్యమునకై ఏడాది పొడవున పనిచేయునవి; యాత్రకొరకు కొన్నవి కావు. ఇంట నున్నను ఎడ్లకు మేత వేయక తప్పదు. పంట ఇల్లుచేరిన దినములు గనుక పోవు పని కూడ లేదు. అనగా వాహనము, పశువు, కాలము మూడును ముందే వెల చెల్లించి యున్నవి. ఎడ్లబండి స్థానమున ట్రాక్టరు వచ్చినను ఈ లెక్క మారలేదు.

ఇక గుడారమునకును కచ్చేరీకిని గల సంబంధము సర్కారు ఉద్యోగులు గుర్తింపదగినది. అధికారి పర్యటనను నేటికిని కచ్చేరీలలో కేంపు అనుచున్నారు. కలెక్టరు మొదలగువారు జమాబందీకై గ్రామములు తిరుగుచు నిజముగనే గుడారములలో నివసించిన కాలమునుండి ఆ మాట వచ్చినది. ఆ కేంపులు సర్కారు లెక్కలలో తక్కువ ఖర్చుతో జరిగినట్లు కనబడుటకు ఒక కారణము, ఆ ఖర్చులో కొంతభాగము లెక్కలకు ఎక్కకపోవుటయే. డేరా మోయువారు, కట్టెలు, కుండలు, పాలు, కోళ్ళు తెచ్చువారు పల్లెప్రజలు. పలుచోట్ల వారికి కూలి గాని వెల గాని సరిగ ముట్టెడిది కాదు. నిజాం రాష్ట్రపు తెలంగాణములో ఇది వెట్టిచాకిరి యను పేరున పాతుకొనిపోయెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలైన ఆంధ్రోద్యమ నాయకులు దానిని మాన్పుటకై ఏండ్ల తరబడి పాటుపడిరి. హిమాలయ ప్రాంతమున కుమావూఁలో అధికారుల సామాను ఊరక మోయవలెనను కూలీ బేగారు ఆచారము ఉండెను. 1921 మకర సంక్రాంతినాడు బాగేశ్వరమున ప్రజలు గుమిగూడి, ఆ కూలీల పేళ్ళున్న దస్తరములను సరయూనదిలో పారవైచిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణముచే బేగారును నిషేధించెను.

ఈ కథ అండమానులకు దూరమైనది కాదు. విశాఖ మన్యములో బాటలు వేయుటకు గిరిజనులచేత సరియైన కూలి లేక పనిచేయించుట, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆగడములు, అల్లూరి సీతారామరాజుగారి పోరాటమునకు గల కారణములలోనివి. 1922 ఆగస్టున చింతపల్లి ఠాణాపై దాడితో ఆరంభమైన ఆ పోరాటము 1924లో ముగిసినపిమ్మట, పట్టుబడినవారిలో కొందరు అండమానులకు పంపబడిరి. వారు ఈ దీవులకు చిల్లిగవ్వ చెల్లింపక ఓడలో వచ్చిరి. ఒకరి ప్రయాణము సులువగుటకు వేసిన బాట వెల, మరియొకరి ద్వీపాంతరవాసముగ పరిణమించెను. ఉచితమను మాటను లెక్కలలో చేర్చునప్పుడు ఈ ఉదాహరణము మరువరానిది.

పశ్చిమ దేశముల చరిత్రయు ఇంచుమించు ఇదే పాఠము చెప్పును. వినోదార్థము ఇల్లువంటి బండిని కట్టించి తిరిగినవారిలో మొదటివాడుగ పేరుగొన్న గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు 1885లో వాండరర్ అను గుర్రపుబండిలో ఇంగ్లండు నుండి స్కాట్లండునకు పోయెను. బండి బరువు రెండు టన్నులు. లాగుటకు రెండు గుర్రములు, తోలుటకు ఒక మనిషి, దారి తొలగుడని ముందు హెచ్చరించుటకు మూడుచక్రముల సైకిలుపై ఒక సేవకుడు. అమెరికాలో హెన్రీ ఫోర్డు, ఎడిసన్, ఫైర్‌స్టోన్ మొదలగువారు 1915 మొదలు 1924 వరకు పలుమార్లు గుడారయాత్రలు చేసిరి. 1921లో అధ్యక్షుడు హార్డింగు కూడ వారితో కలిసెను. వారి వెంట వంటవారు, లారీలు సాగెను. వీరాస్వామయ్యగారి పరివారమే మోటార్లపై తిరిగి కనబడినట్లుండెను.

సామాన్యులు ఈ మార్గమును పట్టినది 1919లో ఫ్లోరిడాలో స్థాపితమైన టిన్ కాన్ టూరిస్ట్స్ సంఘపు కాలమునుండి. కార్లకు గుడారములు కట్టుకొని, డబ్బాలలోని ఆహారము తినుచు తిరిగిన వారికి ఆ పేరు వచ్చెను. వర్తకము పెరుగునను ఆశతో అనేక పట్టణములు వారికి ఉచితముగ స్థలము, నీరు, దీపము ఇచ్చెను. జనము పెరిగి, పారిశుద్ధ్యపు ఖర్చు మీదపడగానే, 1920ల నడిమి నుండి ఆ పట్టణములే రుసుము విధింపసాగెను. క్రమముగ గుడారపు స్థలమున చిన్న గదులును, అటుపిమ్మట మోటెళ్ళును వెలసెను. నేటి మోటారు ఇళ్ళకు ఇంధనము, భీమా, నిలుపు స్థలపు రుసుము, ఏటేట తరుగు విలువ అనునవి తోడైనవి. సంవత్సరములో రెండువారములు తిరిగి యేబదివారములు నిలిచియుండు బండికిని, రైతు గూడుబండికిని ఇచ్చటనే భేదము. కేరళ రాష్ట్రము 2021లో కారవాన్ పర్యాటక విధానమును ప్రకటించినప్పుడు బండ్లను నడుపు సంస్థలను, అవి నిలుచు పార్కులను ప్రోత్సహించుట గమనింపదగినది. పలువురు వంతులవారీగ వాడిననే అట్టి బండి వెల కిట్టుబాటగును.

గుడారమును నిజముగ ఓడించినది రైలు. 1856లో రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణదేశపు మొదటి రైలు నడచెను. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై వంతెన ముగిసి చెన్నపట్టణము, కలకత్తాల మార్గము సుగమమయ్యెను. మాసములు పట్టిన కాశి, దినములలోనికి వచ్చెను. టిక్కెట్టు వెల రొక్కముగ చెల్లింపవలసివచ్చినను, మిగిలిన కాలము దానికంటె విలువైనదిగ తేలెను.

అండమానులలో ఈ ప్రశ్న ఓడ రూపమున నేటికిని సజీవముగ ఉన్నది. 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకర్ సెమిరామిస్ అను పొగయోడలో 200 మంది ఖైదీలతో చాథం దీవి చేరిననాటి నుండి, ఈ దీవులకు రాకపోకలన్నియు చిరకాలము ఓడలపైననే సాగెను. 2024లో శ్రీ విజయపురమని నామకరణము పొందిన పోర్ట్ బ్లెయిరు, విశాఖపట్టణము నుండి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున ఉన్నది. చెన్నపట్టణమును ఇంచుమించు అంతే. హర్షవర్ధన, నంకౌరీ, నికోబార్ ఓడలును, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మితమైన స్వరాజ్ ద్వీప్‌ను ఇచ్చటి తెలుగు కుటుంబములకు సుపరిచితములు. ఓడ ప్రయాణమునకు రెండున్నర మొదలు మూడు దినములు పట్టును. పడక, భోజనశాల, స్నానపుగది అన్నియు ఓడలోనే ఉండును. నిజమునకు ఇదియే సముద్రముపై సాగు గూడుబండి.

బంక్ తరగతి ఛార్జీ విమానపు ఛార్జీకంటె బహు తక్కువ. దీవులవాసులకు రాయితీ కూడ కలదు. సామాను మెండుగ గొనిపోవచ్చును. కాని పూర్తి లెక్క చూచుటకు ఉద్యోగి తన సెలవును కూడ అందు చేర్చవలెను. రానుపోను ఓడలో ఆరు దినములు గడచును. విమానమున చెన్నపట్టణము చేరుటకు రెండు గంటలకు కొంచె మెక్కువ చాలును. కేంద్రోద్యోగికి సంవత్సరమునకు ఆర్జిత సెలవు 30 దినములు; ఆరు దినములనగా అందు అయిదవ వంతు. పదవీ విరమణవేళ 300 దినముల వరకు మిగులు సెలవునకు రొక్కము లభించును. ఆ లెక్కన సెలవు దినమొక్కటికి నెల జీతము, కరవు భత్యములలో ముప్పదియవ వంతు వెల. అందుచే ఓడవలన ఒక్కొక్కరికి మిగులు ఛార్జీని కుటుంబములోని తలలతో హెచ్చించి, దానిని ఆరు దినముల జీతముతో పోల్చిచూడవలెను. అయిదుగురు పోవు చిన్నయుద్యోగికి ఓడయే లాభము. ఒంటరిగ పోవు పెద్దజీతగానికి అది నష్టము కావచ్చును. 300 దినములు నిండిన సెలవుగల వృద్ధోద్యోగికి ఓడలో గడచు దినములకు వెలయే లేదు. ఇక విశాఖ ఓడ సామాన్యముగ నెలకొకమారే యుండుటయు, తుపాను దినములలో తేదీ మారిన రేవు పట్టణమున బస వ్యయము మీదపడుటయు మరువరాదు.

ఓడ ఛార్జీ తక్కువగ నుండుటకు సర్కారు భరించు నష్టమును కారణమే. అనగా ఇచ్చటను ఖర్చులో కొంత మరియొకరు చెల్లించుచున్నారు. కాని వెట్టికిని దీనికిని గల అంతరము పెద్దది. వెట్టి బరువు నోరులేని పల్లెవాని భుజముపై రహస్యముగ పడెను. ఓడ బరువు బడ్జెటులో బహిరంగముగ వ్రాయబడి దేశమంతట పంచబడుచున్నది. దూరపు దీవులలోని ప్రజ స్వదేశమున పరాయివారు కాకుండుటకు చెల్లింపదగిన వెల అది.

దీవుల లోపల మోటారు ఇల్లు నడపవలెనను ఉత్సాహమునకు భూగోళమే హద్దు. సుమారు 330 కిలోమీటర్ల అండమాన్ ట్రంక్ రోడ్డుపై మధ్య జలసంధి యొద్ద వాహనమును పడవపై దాటింపవలెను. జారవాల రక్షితప్రాంతమున బండ్లు కాన్వాయిగనే సాగవలెను. దారిలో నిలుచుట నిషిద్ధము. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనము అందుకు మూలము. చౌకయైన బస కావలెనని ఎవరును ఆ అడవిలో ఆగరాదు, ఏలయనగా ఆ బసకు వెల చెల్లింపవలసినవారు జారవాలే.

ఇంతకును తేలిన దేమనగా: వెంటగొనిపోవు ఇల్లు మూడు సందర్భములలో చౌక. ఆ వాహనము ఇతర పనికై ముందే ఉన్నప్పుడు. పలువురు కలిసి పోవునప్పుడు. పోవు దినములకు వేరు వెల లేనప్పుడు. ఈ మూడును లేనిచోట హోటలు బాడుగ తప్పినదని సంతోషించుట, ఒక జేబులోని రూపాయిని రెండవ జేబులో వెదకుటయే. నాలుగవ లెక్క కూడ ఒకటి కలదు. మనకు మిగిలిన రూపాయి మరియొకని చేతినుండి పోయినదా యని చూచుట. వీరాస్వామయ్యగారి బోయీల నుండి మన్యపు కూలీల వరకు చరిత్ర ఆ లెక్కనే పదేపదే అడుగుచున్నది.