కుడుము వెనకాల కూలి గింజలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న హాస్టల్లో మేం నేపాల్ తరాయి ప్రాంతపు థారూ ఆదివాసీల ఢిక్రీ గురించి చదివాం. బియ్యప్పిండి ముద్దని చేపలాగా, పిట్టలాగా చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. "ఇది మన కుడుమే గదా!" అనుకున్నాం. మన అవ్వలు కుండలో నీళ్లు పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉడికించేదీ ఇట్లాగే.

ఢిక్రీ తినేది ముఖ్యంగా మాఘీ పండక్కి. మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది, వాళ్లకది కొత్త సంవత్సరం. 1950ల తర్వాత తరాయిలో మలేరియా తగ్గింది. కొండల నుంచి జనం దిగొచ్చారు, చాలామంది థారూల భూములు చేతులు మారాయి. అప్పులపాలైనవాళ్లు 'కమైయా'లు అయ్యారు, అంటే మన జీతగాళ్ల లెక్క. ఏడాది ఒప్పందం మళ్లీ రాసుకునేది కూడా మాఘీకే. అంటే పండగా, బానిసత్వమూ ఒకే రోజు. 2000 జులై 17న గానీ నేపాల్ ప్రభుత్వం ఆ పద్ధతిని రద్దు చేయలేదు. మన దేశంలో వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది.

ఇది చదివాక మన కుడుము మీద అనుమానం వచ్చింది. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మెట్ట నేలలు. వాన తక్కువ. ఇక్కడ కడుపు నింపింది సజ్జ, జొన్న, కొర్ర. నల్లమల చెంచులకైతే అడవి గడ్డలు, తేనె. మరి కుడుముకి బియ్యం ఎక్కడివి? ఇంటికి ఫోన్ చేసి అడిగాం. మా అవ్వలు డెల్టాకి వరికోతలకి పోయి, కూలి కింద వడ్లు తెచ్చుకునేవాళ్లంట. దంచి, పండక్కని దాచిపెట్టేవాళ్లంట. ఆ కుడుములో ఉన్నది వలసపోయిన నెలల కష్టం.

1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక అన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ సజ్జ సంగటి పేదోళ్ల తిండి అని మేమే సిగ్గుపడ్డాం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, అదే సజ్జ ప్యాకెట్లలో ఖరీదుగా అమ్ముతున్నారు.

మేం చదివిన చరిత్ర పుస్తకాల్లో రాజుల విందులున్నాయి, మన వాసెన కుండ లేదు. దాని సంగతి తెలిసిన అవ్వలు ఏటా తగ్గిపోతున్నారు. ఈసారి సెలవులకి పోయినప్పుడు కుడుము ఎట్లా చేయాలో ఒక్కటే అడగొద్దు. బియ్యం ఎక్కడివి, ఎవరి చేలో కోశారు, ఎంత కూలి ఇచ్చారు, అవి కూడా అడిగి రాసుకోండి. మీ తండాలో, మీ గూడెంలో ఏం చెప్పారో ఇక్కడ రాయండి. అందరం చదువుకుందాం.